వెలుగు, వెండి, ఆయుఃక్షీణము

ఫోటో తీయించుకొనిన ఆయుఃక్షీణమగునని మా మాతామహి గట్టిగా నమ్మెడిది. పెండ్లిండ్లలో ఫోటోగ్రాఫరు తన పెట్టెను విప్పగానే ఆమె వంటయింటిలోనికి పోయి తలుపు చేరవేసికొనెడిది. ఎనుబది రెండేండ్లు బ్రదికి ఆమె గతించిన పిదప మా తల్లి ట్రంకుపెట్టెలన్నియు వెదకెను. పటము కట్టించుటకు ఒక్క ఫోటోయైనను దొరకలేదు. దొరకినది ఒక్కటే: వాకిట జాఱిపడి మణికట్టు విఱిగిననాడు ఆసుపత్రిలో తీసిన ఎక్సురే ఫిలిము. ఫోటోకు వెఱచి జన్మమంతయు దాగికొనిన మనిషి, ఆనాడు ఎక్సురే యంత్రముముందు చేయి చాపి నిర్భయముగా కూర్చుండెనట. 'డాక్టరు చూచునది ఎముకను గాని ముఖమును గాదు గదా' అని ఆమె సమాధానము.

ఆ ఫిలిమును కిటికీవెలుగునకు ఎత్తి చూచినప్పుడెల్ల నాకొక సందేహము కలుగుచుండెను. ఆమె భయము కేవలము వెఱ్ఱియేనా? లేక నిజమైన భయమొకటి దారి తప్పి, భయపడనక్కఱలేని వస్తువుపై వాలినదా? పెద్దల నమ్మకములను చూచి నవ్వుట సులభము. నవ్వుటకు ముందు వానిని పరీక్షించుట మన విధి. ఈ ప్రశ్నకు ఉత్తరము ఫిలిముయొక్క చరిత్రయందే కలదు. అందుచేత ఆ చరిత్రను మొదటినుండి చెప్పుకొందము.

18వ శతాబ్ది తొలి పాదమున జర్మనీ దేశమున షుల్ట్సు అను పండితుడుండెను. అతడు సుద్దను నత్రికామ్లముతో కలిపి చీకటిలో మెఱయు పదార్థమొకటి చేయబూనెను. ఆ యామ్లమునందు కొంచెము వెండి కరగియుండెను. సీసాను కిటికీచెంత నుంచగా వెలుగు వైపున నున్న భాగము నల్లబడెను. ఆవలి వైపు తెల్లగనే యుండెను. మఱియొకడైనచో ఎండవేడికి మాడినదని తలచి ఊరకుండెడివాడు. షుల్ట్సు అట్లు తృప్తిపడక ఆ మిశ్రమమును నిప్పుసెగకు చూపెను. అది నల్లబడలేదు. పిదప అక్షరములు కత్తిరించిన కాగితమును సీసాకు చుట్టి వెలుగున నుంచగా, వెలుగు సోకినమేర సుద్దపై నల్లని అక్షరము లేర్పడెను. సీసాను కదల్పగా అవి చెదరిపోయెను. వేడిమి వేఱు, వెలుగు వేఱు. వెలుగునకు స్వంతముగా పనిచేయు శక్తి కలదు. ఈ చిన్న పరీక్ష తేల్చిన సత్యమిది.

1777లో స్వీడను దేశపు షీలే ఇంకొక అడుగు ముందునకు వేసెను. సూర్యకాంతిని గాజుపట్టకముద్వారా ఏడు రంగులుగా విడదీసి సిల్వర్ క్లోరైడుపై పడనిచ్చెను. అన్ని రంగులకంటె ఊదారంగున అది త్వరగా నల్లబడెను. నల్లబడినది ఏమని పరీక్షింపగా శుద్ధమైన వెండియే యని తేలెను. వెలుగు ఉప్పును విఱిచి లోహమును వేఱుచేసినదన్నమాట. 1800లో విలియం హెర్షెలు అదేవిధముగా విడదీసిన రంగులయందు ఉష్ణమాపకముల నుంచి, ఎఱుపునకు ఆవల కంటికేమియు కనబడనిచోట వేడిమి మిక్కిలిగా నుండుటను కనుగొనెను. మఱుసటియేడు 1801లో రిట్టరు, రెండవ కొసను శోధింపదలచి, ఊదారంగునకు ఆవలి చీకటిలో సిల్వర్ క్లోరైడు నుంచెను. అది అచ్చటనే అన్నిటికంటె త్వరగా నల్లబడెను. నేడు మనము అతినీలలోహిత కిరణములని పిలుచునవి ఇవియే. కన్ను తాను చూచినంతమేరనే లోకమనుకొనెను. కన్ను లేని వెండియుప్పు అంతకంటె దూరము చూచెను. ఇది పాఠకులు మనసున నుంచుకొనదగిన సంగతి. ముందుముందు మరల దీనితో పని పడును.

నల్లబడుట తెలిసినను బొమ్మను నిలుపుట చాలకాలము సాధ్యపడలేదు. 1802లో ఇంగ్లండున వెడ్జివుడ్డు, డేవీ యను నిరువురు వెండియుప్పు పూసిన కాగితముపై ఆకుల నీడలను పట్టగలిగిరి గాని, ఆ నీడలను దీపపు వెలుగున దొంగచాటుగా చూడవలసివచ్చెను. పగటివెలుగు తగిలిన కాగితమంతయు నల్లనయ్యెడిది. ఫ్రాన్సున నియెప్సు వెండిని విడిచి, వెలుగునకు గట్టిపడు ఒకవిధమైన తారును లోహపురేకుపై పూసి, 1826-27 ప్రాంతమున తన మేడకిటికీనుండి కనబడు దృశ్యమును నిలుపగలిగెను. 1839లో డగేరు వెండిపూత రేకుపై చేసిన బొమ్మల మర్మమును ఫ్రెంచి ప్రభుత్వము లోకమునకు వెల్లడించెను. ఆ సంవత్సరముననే జాన్ హెర్షెలు హైపో యను ద్రావకమున వెలుగుసోకని వెండియుప్పు కరగిపోవునని చూపి, బొమ్మను శాశ్వతము చేయు ఉపాయమిచ్చెను. ఎఱుపునకావలి వేడిమిని కనుగొనిన విలియం హెర్షెలునకు ఇతడు కుమారుడు.

అన్నిటికంటె వింతయైన సంగతిని 1840లో టాల్బటు కనుగొనెను. కొద్దిసేపే వెలుగుసోకిన కాగితముపై కంటికేమియు కనబడదు. దానిని గాలికామ్లము కలిసిన ద్రావకముతో తడిపినచో బొమ్మ తనంతట పైకి తేలివచ్చును. మన యిండ్లలో పసిపిల్లలకు అరగదీసి నాకించు మాచికాయలోనిదే ఈ ఆమ్లము. అనగా వెలుగు వచ్చి తాకి పోయిన గుఱుతు, కంటికి కనబడకుండ కాగితమున నిలిచియుండును. మాచికాయరసము ఆ గుఱుతును పెంపుచేయును. దీనిని గుప్తబింబమందురు. గంటలకొలది పట్టిన పని నిమిషములలో ముగియుటకు ఇదియే మూలము. 1871లో మాడక్సు అను వైద్యుడు జెలటినుతో ఎండుపలకలు చేయు మార్గము చూపెను. 1888, 1889 సంవత్సరములలో అమెరికాయందు ఈస్ట్‌మను కోడక్ పెట్టెను, పిదప సెల్యులాయిడు ఫిలిముచుట్టను బజారునకు తెచ్చెను. అంతట ఫోటో పండితుల ప్రయోగశాలనుండి సంసారుల నట్టింటికి వచ్చెను.

గుప్తబింబమనగా నేమి? నూఱేండ్లు ఇది తెలియలేదు. ఫిలిముపై నున్నది జెలటినుపొరలో పొదిగిన సిల్వర్ బ్రోమైడు కణములు. ఒక్కొక్క కణమున కోట్లకొలది వెండి అణువులు బ్రోమినుతో ముడిపడియుండును. 1905లో ఐన్‌స్టయిను చెప్పినట్లు, వెలుగు తన శక్తిని ధారగా గాక చిన్నచిన్న మోతాదులుగా నిచ్చును. అట్టి మోతాదొకటి కణమును తాకినప్పుడు ఒక ఎలక్ట్రాను విడివడి, కణములో నెచ్చటనో నున్న చిన్న లోపమువద్ద చిక్కుకొనును. దానిచెంతకు వెండి అయానొకటి వచ్చి చేరి వెండి అణువగును. ఇట్లు నాలుగైదు అణువులు ఒకచోట చేరినచో చాలును. ఫిలిమును కడుగు ద్రావకము ఆ కణమునంతటిని నల్లని వెండిగా మార్చివేయును. నాలుగు అణువుల గుఱుతు సుమారు నూఱుకోట్ల రెట్లు పెరుగునన్నమాట. ఈ క్రమమును 1938లో గర్నీ, మాట్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు వివరించిరి. ఎలక్ట్రాను చిక్కుకొను లోపము లెక్కడివి? 1925లో షెప్పర్డు అను రసాయనవేత్త దానికి పూర్వమే ఒక కారణము కనిపెట్టియుండెను. జెలటిను పశువుల తోళ్లనుండి, ఎముకలనుండి వచ్చును గదా! కొన్ని జెలటినులలో ఆవనూనెకు ఘాటునిచ్చు గంధకపు పదార్థము లేశముగా నుండుటచేతనే ఆ ఫిలిములు చుఱుకుగా పనిచేయుచుండెను. ఆవాలజాతి మొక్కలను మేసిన పశువులవలన కలిగిన మేలది.

ఇచ్చట నొక ముఖ్యవిషయము కలదు. వెలుగు మోతాదులన్నియు సమానము గావు. ఎఱుపుమోతాదు చిన్నది, నీలపుమోతాదు పెద్దది, అతినీలలోహితపుమోతాదు ఇంకను పెద్దది. ఇసుకను గంపలకొలది విసరినను చెట్టుననున్న మామిడికాయ రాలదు. తగినంత రాయి ఒక్కటి తగిలిన రాలును. సిల్వర్ బ్రోమైడునందలి ఎలక్ట్రానును విడిపించుటకు ఎఱుపుమోతాదు చాలదు. ఈ హేతువుచేతనే చీకటిగదిలో ఎఱ్ఱదీపము వెలిగించుకొని పూర్వపు ఫోటోగ్రాఫర్లు నిశ్చింతగా పనిచేసికొనిరి. పాతఫోటోలలో మన ముత్తవ్వల నొసటి కుంకుమ కాటుకవలె నల్లగా కనబడుటకును, పసుపురాచిన ముఖములు ఉన్నదానికంటె నల్లగా పడుటకును కారణమిదియే. ఆ పలకలు ఎఱుపును, పసుపును చూడలేవు. 1873లో ఫోగెలు అను జర్మను పండితుడు తగిన రంగుమందు కలిపినచో పలక పచ్చదనమును గూడ గ్రహించునని కనుగొనెను; పిమ్మట 20వ శతాబ్ది తొలినాళ్లలో అన్ని రంగులను చూచు పలకలు వచ్చెను. ఎంత మంది ఇల్లాండ్రు తమ ఫోటో చూచుకొని ఇంత నల్లగా నున్నానా యని నొచ్చుకొనిరో! తప్పు వారి మేనిది గాదు, పలకది. ఫోటో అబద్ధమాడదందురు గాని, అది చూడలేనిదానిని గుఱించి అది చెప్పు సాక్ష్యము చెల్లదు.

ఇక మా అమ్మమ్మ భయమునకు వత్తము. ఫోటో తీయునపుడు మననుండి పలకకు పోవునదేమి? సూర్యునినుండియో దీపమునుండియో వచ్చిన వెలుగు మన మేనిపై పడి కొంత లోన ఇంకిపోయి, తక్కినది నలుదిక్కులకు చెదరిపోవును. కెమేరా యున్నను లేకున్నను అది చెదరుచునే యుండును. ఎదుటి గోడపై పడును, చెట్టుపై పడును, బిడ్డ కన్నులలో పడును. అందులో నొక స్వల్పభాగమును కెమేరా తన గాజుకన్నుతో పట్టుకొనును. మనము విడిచినది తప్ప మననుండి అది క్రొత్తగా లాగుకొనునది లేదు. ఫోటోవలన ఆయువు తఱుగునేని, పట్టపగలు పదిమందిలో తిరిగిన ప్రతివానికిని ఆయువు తఱుగవలెను. అద్దము చూచుకొనుట అంతకంటె అపాయము కావలెను.

ఈ భయముతోబాటు స్త్రీల విషయమున గోషాయు అడ్డుపడుచుండెను. హైదరాబాదున నిజాము ఆస్థాన ఫోటోగ్రాఫరైన లాలా దీనదయాళు 1892లో స్త్రీలకు ప్రత్యేకముగా ఒక స్టూడియోను తెఱచి, దాని నిర్వహణమును ఒక ఆంగ్లస్త్రీకి అప్పగించెను. గోషాను ఒక్కదినమున తీసివేయ నతనికి శక్యము గాదు. కాని దానిలోపలనుండియే ఒక తలుపు తెఱచెను. అట్టి తలుపులు తెఱవని యిండ్లలో ఎందఱు తల్లుల ముఖములు వారితోనే అంతరించినవో లెక్కింపజాలము.

వెలుగు విషయమున భయము నిరాధారమని తేలినది. కథ యింతటితో ముగిసినచో బాగుగనే యుండెడిది. కాని ముగియలేదు. 1895 నవంబరు 8వ తేదీని జర్మనీయందు రోంట్‌జెను ఒక గాజుగొట్టములో విద్యుత్తును ప్రసరింపజేయుచు, నల్లకాగితమును దాటి పోవు కిరణములను కనుగొనెను. అవి ఏవో తెలియకపోవుటచేత వానికి ఎక్స్ కిరణములని పేరిడెను. డిసెంబరు 22వ తేదీని తన భార్య చేతిని పలకపై నుంచి బొమ్మ తీయగా, మాంసము మంచువలె పలుచనై, ఎముకలును వ్రేలి ఉంగరమును స్పష్టముగా కనబడెను. మఱి రెండునెలలకు, 1896 ఫిబ్రవరిలో, పారిసున బెకెరెలు యురేనియము ఉప్పును నల్లకాగితము చుట్టిన పలకపై నుంచి ఎండలో పెట్టవలెనని సిద్ధముచేసికొనెను. మబ్బు పట్టుటచేత పలకలను సొరుగులో పెట్టెను. మార్చి 1వ తేదీని, ఎండ లేదు గనుక బొమ్మ యేమియు పడియుండదని తలచుచునే పలకలను కడిగి చూచెను. బొమ్మ గాఢముగా పడియుండెను. ఎండతో పనిలేకయే ఆ లోహము తనంతట కిరణములను విడుచుచున్నది! రిట్టరు నాడు కన్ను చూడనిదానిని చూచిన వెండియే, ఇప్పుడు మఱి రెండు లోకములను చూచెను.

ఈ క్రొత్త కిరణముల మోతాదు కంటికి కనబడు వెలుగు మోతాదునకు వేలకొలది రెట్లు పెద్దది. అది వెండికణమునందే గాక మన శరీరమందలి జీవకణములయందును ఎలక్ట్రానులను ఊడగొట్టును; జీవమునకు ఆధారమైన పదార్థములను త్రుంచును. ఈ సంగతి మొదట తెలియలేదు. కిరణములు కంటికి కనబడవు, ఒంటికి తగిలినట్లుండవు. యంత్రము పనిచేయుచున్నదా లేదా యని చూచుటకు వైద్యులును, పనివాండ్రును తమ చేతులనే మాటిమాటికి అడ్డుపెట్టుచుండిరి. ఎడిసను ప్రయోగశాలలో పనిచేసిన క్లారెన్సు డాలీ యను నతని చేతులు పుండ్లుపడి, వానిని నఱికివేయవలసివచ్చెను. 1904లో అతడు మరణించెను. ఎడిసను ఆ పనిని విడిచిపెట్టెను. అట్లు ప్రాణములర్పించిన దేశదేశముల వారి పేరులను చెక్కి 1936లో హాంబర్గు నగరమున నొక స్మారకశిలను నిలిపిరి.

చదువరులారా, చూచితిరా! కిరణములవలన ఆయుఃక్షీణము కలుగుట అబద్ధము గాదు. మా అమ్మమ్మ ఆ నిజమైన అపాయమును పట్టుకొనిపోయి పెండ్లిఫోటోకు అంటగట్టెను. భయము సరియైనదే, చోటు తప్పినది. ఏది ఎంత శక్తిగలదో కొలిచి తెలిసికొనని భయము ఇట్లే దారితప్పును.

కొలుచుట యెట్లు? ఇచ్చటను ఫిలిమే మనకు తోడైనది. 1890లో హర్టరు, డ్రిఫీల్డు అను నిరువురు ఎంత వెలుగు సోకిన ఫిలిము ఎంత నల్లబడునో లెక్కకట్టు పద్ధతిని ఏర్పఱచిరి. ఆ పద్ధతియే 1940ల నుండి ప్రాణరక్షకమయ్యెను. ఎక్స్ కిరణములచెంతను, యురేనియముచెంతను పనిచేయువారు వెలుగు చొరని కాగితమున చుట్టిన చిన్న ఫిలిముముక్కను బిళ్లవలె ఱొమ్మున ధరించిరి. కొన్నాళ్లకు దానిని కడిగి, ఎంత నల్లబడినదో కొలిచి, ఆ మనిషికి సోకిన కిరణముల లెక్క కట్టిరి. హద్దు మీరినచో పనినుండి తప్పించిరి. తరువాత పలుచోట్ల ఫిలిముముక్క స్థానమును, వేడిచేసిన వెలుగునిచ్చు స్ఫటికములు ఆక్రమించెను. కాని ఆచారమును నేర్పినది ఫిలిమే. మనిషికి తెలియని దెబ్బను మనిషికి బదులు తాను తిని సాక్ష్యము చెప్పినది.

ఆ సాక్ష్యము ప్రభుత్వముల రహస్యములను గూడ బయటపెట్టెను. 1945 జూలై 16వ తేదీని అమెరికావారు న్యూమెక్సికో ఎడారిలో మొదటి అణుబాంబును గుప్తముగా ప్రేల్చి పరీక్షించిరి. ఆ తరువాత కోడక్ సంస్థవారి ఎక్సురే ఫిలిములు కొన్ని, పెట్టె విప్పకముందే మచ్చలుపడి చెడిపోవుట కనబడెను. వెబ్బు అను శాస్త్రజ్ఞుడు కారణము వెదకి, ఫిలిముల నడుమ నుంచిన గడ్డి అట్టలయందు ఆ దోషమున్నదని పట్టుకొనెను. ఆ అట్టలు వేయిమైళ్లకు మించిన దూరమున, ఇండియానా రాష్ట్రమున వాబాషు నదీతీరపు మిల్లులో చేసినవి. బాంబు ధూళి గాలిలో అంతదూరము పోయి, వానతో నేలకు దిగి, నదినీటిద్వారా అట్టలలో చేరెను. 1949లో అతడు దీనిని ప్రకటించెను. మనుష్యులకు చెప్పరాదని దాచినదానిని ఫిలిము చెప్పివేసినది. నీటిలో కలిసినది అట్టలలోనికే గాక మనుష్యుల కడుపులలోనికిని పోవునను సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఈ సందర్భమున మన దేశపు విదుషి నొకతెను స్మరింపవలెను. 1913లో జన్మించిన విభా చౌధురి కలకత్తాలోని బోసు విజ్ఞానమందిరమున దేవేంద్రమోహన బోసుతో కూడి, ఆకాశమునుండి నిరంతరము కురియు విశ్వకిరణములను పట్టుటకు ఫోటోపలకలను డార్జిలింగునందును, పండ్రెండువేల అడుగుల యెత్తున నున్న సందక్ఫూయందును నెలలకొలది ఉంచెను. ఆ పలకలలో వెండిచుక్కల వరుసలుగా పడిన జాడలను సూక్ష్మదర్శినిలో లెక్కించి, ఎలక్ట్రానునకు సుమారు రెండువందల రెట్లు బరువుగల కణములు కలవని వారు 1940 మొదలు ప్రచురించిరి. యుద్ధకాలమున ఇంతకంటె మేలైన పలకలు వారికి దొరకలేదు. మేలైన పలకలు దొరకిన పవెలు ఇంగ్లండున అదే మార్గమున పోయి 1950లో నోబెలు బహుమానము నందెను. మన బాలికలు ఈమె పేరు నెఱుగరు. కొండపై పలకను పెట్టి నెలలు వేచియుండి, చుక్కలను లెక్కించు ఓర్పు స్త్రీలకు లేదని యెవరనగలరు? వారికి లేనిది పలకయే గాని ఓర్పు గాదు.

నేడు చేతిఫోనులలో ఫిలిము లేదు. దానిచోట సిలికాను పలక వెలుగుమోతాదులను గ్రహించి ఎలక్ట్రానులను లెక్కించుచున్నది. ఎక్సురే బొమ్మలును పలుచోట్ల ఆ విధముగనే తీయబడుచున్నవి. సాధనము మాఱినను సూత్రము మాఱలేదు: ఏ కిరణము ఎంత శక్తిని తెచ్చి ఎచ్చట దింపునో, దానినిబట్టియే మేలు గాని కీడు గాని. విఱిగిన ఎముకను చూచుటకు తీసిన ఎక్సురేవలని కీడు మిక్కిలి స్వల్పము, మేలు అధికము, దానికి వెఱవరాదు. అవసరము లేకుండ మాటిమాటికి తీయించుకొనుట తెలివి గాదు. ఫోటోకు మాత్రము వెఱవనే వలదు.

మా అమ్మమ్మ మణికట్టు ఫిలిమును మా తల్లి పటము కట్టింపలేదు, పారవేయనును లేదు. దానిలో ఎముకలు తెల్లగా, వాని నడుమ విఱుపు నల్లనిగీటుగా నున్నది. చేతి గాజులు రెండు తీయరాక అట్లే యుంచిరి కాబోలు, అవి తెల్లని వలయములుగా పడినవి. ఆ గాజులనుబట్టియే మా తల్లి అది తన తల్లి చేయియని గుర్తుపట్టి కన్నీరు పెట్టుకొనును. ముఖమున్న ఫోటో ఒక్కటైనను ఉండియుండిన ఎంత బాగుండెడిదో!

మీ యిండ్లలో ఇట్టి పెద్దలున్నచో వారిని ఎగతాళి చేయకుడు. వారిచెంత కూర్చుండి, వెలుగు మననుండి ఏమియు తీసికొనిపోదని, పోవునది ముందే పోయినదని, ఓపికతో చెప్పుడు. వారు సమ్మతించిననాడు కిటికీప్రక్కను కూర్చుండబెట్టి ఒక ఫోటో తీయుడు. ఆయువు ఎంతయున్నను, అది మాత్రము మిగులును.